ఎదురింటి పూజగదిలో డిస్టెంట్ సిగ్నల్

మోడల్ రైళ్లతో ఆడుకునే పెద్దమనుషులందరూ ఇంట్లో చెప్పే అబద్ధం ఒకటే: "ఆఫీసు గోల మర్చిపోవడానికి." నేనూ అదే చెప్పాను. మా ఆవిడ నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆవిడకు రెండు కారణాలున్నాయి. ఒకటి, నాతో కాపురం చేయబట్టి చాలాకాలమైంది. రెండు, ఆవిడ స్టేషన్ మాస్టరు.

ఈ రెండో సంగతి కొంచెం వివరించాలి. మేమిద్దరం ఒకరికొకరం తెలియని రోజుల్లో సికింద్రాబాద్‌లో ఒకే రైల్వే పరీక్ష రాశాం. ఆవిడకు ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు. నేను రాష్ట్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి, సీనియారిటీ అనే ప్యాసింజరు బండి ఎక్కి, నెమ్మదిగా సూపరింటెండెంటు కుర్చీ దగ్గర దిగాను. ఏ శాఖ అని అడక్కండి. మా ఆఫీసులో అందరూ పత్రికలు చదువుతారు, అదీ ఆఫీసు టైములోనే. పెళ్లిచూపుల్లో "అమ్మాయి రైల్వేలో చేస్తోంది" అన్నారు. మా నాన్న గోత్రం అడిగేలోపే నేను "ఏ సెక్షన్?" అని అడిగాను. ఆ ప్రశ్నకే అమ్మాయి నవ్విందనీ, నవ్వితే ఒప్పుకున్నట్టేననీ మావాళ్లు తేల్చేశారు. ఆ నవ్వుకు అర్థం వేరని నాకు తర్వాత తెలిసింది.

అసలు ఆఫీసు మర్చిపోవడానికి ఎవరైనా రైళ్లు కట్టారా అని నేను చాలా వెతికాను, నా వాదనకు బలం చేకూరుతుందని. చేకూరలేదు. హాంబర్గ్‌లో మినియేచర్ వండర్‌లాండ్ అని ఉంది, మోడల్ రైళ్లలో ప్రపంచంలోకెల్లా పెద్దది. 2001లో దాన్ని తెరిచిన బ్రౌన్ కవల సోదరులు అంతకుముందు నడిపింది నైట్‌క్లబ్బు. వాళ్లు కట్టిన లోకంలో పావుగంటకోసారి చీకటి పడి, వేలకొద్దీ దీపాలు వెలుగుతాయి. నైట్‌క్లబ్బు నడిపినవాడికి పగటితో ఏం పని? అలాగే ఇంగ్లండులో ఆడ్రీ అనే చర్చి పాస్టరు. పిల్లలందరికీ తెలిసిన థామస్ ఇంజను ఆయన సృష్టే. ఇంట్లో మోడల్ రైల్వే కూడా ఉండేది. 1945లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో హెన్రీ అనే ఇంజను, వానలో తడిస్తే రంగు పోతుందని సొరంగంలోంచి బయటికి రానంటుంది. దాన్ని అందులోనే ఉంచి గోడ కట్టేస్తారు. తప్పు, శిక్ష, పశ్చాత్తాపం, మళ్లీ పట్టాలెక్కడం. ఆదివారం ప్రసంగానికి ఆవిరి పెడితే ఇంకెలా ఉంటుంది?

కాలిఫోర్నియాలో మాంటెరీ అనే ఊళ్లో జాన్ ఆలెన్ అని ఒకాయన ఉండేవాడు. మోడల్ రైల్వేవాళ్లు ఆయన పేరెత్తితే చెంపలేసుకుంటారు. వృత్తి ఫోటోగ్రఫీ. కంటిని ఎక్కడ ఎలా మోసం చేయాలో తెలిసినవాడు గనక, లేఅవుట్లో అద్దాలు పెట్టి ఉన్న ఊరినే రెట్టింపు చేశాడు. కొత్త వ్యాగన్లకు మసీ తుప్పూ పూసి ముసలివాటిని చేశాడు. 1973లో ఆయన పోయిన కొద్దిరోజులకే ఇంట్లో మంటలు లేచి ఆ లేఅవుట్ చాలామటుకు కాలిపోయింది. అది చదివిన రాత్రి నేను లేచి వెళ్లి మా హాల్లో స్విచ్చులన్నీ కట్టేశాను. ఫ్రిజ్‌తో సహా. పొద్దున్న పాల సంగతి ఇక్కడ అనవసరం.

రాడ్ స్టీవర్ట్ అనే రాక్ గాయకుడు 20 ఏళ్లకు పైగా కూర్చుని 1940ల నాటి అమెరికా నగరాన్ని కట్టాడు. కచేరీల కోసం ఊళ్లు తిరుగుతున్నప్పుడు హోటల్లో మేడల తయారీకి అదనంగా ఇంకో గది తీసుకునేవాడట. కరెంటు పని మాత్రం తన వల్ల కాదని ఆయనే ఒప్పుకున్నాడు. ఇక ఎంఐటీలో 1946లో పుట్టిన మోడల్ రైల్వే క్లబ్బులో విద్యార్థులు రెండు జట్లు. ఒక జట్టు బల్ల మీద రైళ్లకు రంగులేసేది. ఇంకో జట్టు బల్ల కిందికి దూరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి రిలేలతో తీగలు కలిపేది. బల్ల కింద దూరినవాళ్లే తర్వాత కంప్యూటర్ గదిలో దూరి రాత్రుళ్లు ప్రోగ్రాములు రాశారు. వీళ్లలో ఒక్కడైనా తన పనిని గుమ్మం బయట వదిలి రైళ్ల గదిలోకి వచ్చాడా?

ఈ లెక్కన నా రైల్వే ఎలా ఉండాలో అలాగే ఉంది. నడిచే ఇంజను ఒకటి, రిజిస్టర్లు బీరువా నిండా.

హాల్లో గోడకు మడతబందులు వేసి, ఎనిమిదికి నాలుగు ప్లైవుడ్ షీటు బిగించాను. పైకెత్తితే గోడ, దించితే అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైను. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. యాభైకి పైగా సొరంగాలున్న ఆ లైనే ఎందుకంటే, సొరంగంలోకి వెళ్లిన భాగానికి రంగులూ చెట్లూ అక్కర్లేదు. పని తప్పే చోటును వెతుక్కోవడంలో నాకు సర్వీసంతా అనుభవమే. పాత నీలం ఐసీఎఫ్ పెట్టె ఈ స్కేలులో 24 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. 24 పెట్టెల బండి నిలబెడితే ఇంజను కాకుండానే 19 అడుగులు దాటుతుంది. మా హాలు 16. అందుకని నా గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు మూడే పెట్టెలు. తక్కినవి పీరియాడికల్ ఓవర్‌హాలింగ్‌కి లాలాగూడ వర్క్‌షాపుకు వెళ్లినట్టు రిజిస్టరులో రాసుకున్నాను.

"గోదావరి అరకు ఎందుకెళ్లిందండీ?" అంది మా ఆవిడ మొదటిసారి చూసి.

"డైవర్షన్."

"మరి ఆ ఇంజను?"

ఇంజను డల్లాస్‌లో ఉండే మా బావమరిది సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చాడు. ఎర్ర మూతి, వెండి ఒళ్లు, పక్కన శాంటా ఫే అని అక్కడి రైల్వే పేరు పెద్దక్షరాల్లో. "బావా, మీ ఇండియన్ ఇంజన్లు అక్కడ దొరకవు. ఇదీ డీజిలే, సర్దుకో" అన్నాడు. సర్దుకున్నాను. ఆ శాంటా ఫేను ఏ డివిజన్‌కు కేటాయించాలన్న విషయం మీద ఒక ఫైలు నడుస్తోంది.

ఫైలు అన్నానుగా. ఇక్కడే నా బండారం బయటపడేది. ఇంజను చక్రాలకు మసి పట్టి బండి తడబడుతుంటే, మామూలు మనిషి గుడ్డ తీసుకుని తుడుస్తాడు. నేను ఒక నోటు పెట్టాను. "విషయం: లోకోమోటివ్ చక్రములకు మసి పట్టుట – శుభ్రపరచుటకు అనుమతి కోరుట – గురించి." గుమాస్తాగా నేను నోటు పెట్టి, సూపరింటెండెంటుగా "పై నోటుతో ఏకీభవిస్తున్నాను" అని సంతకం చేసి, ఆఫీసరుగా ఫైలు తిరగేసి, మార్జిన్లో "ప్లీజ్ స్పీక్" అని రాశాను. మా ఆఫీసులో ఆ రెండు మాటలు పడ్డ ఫైలు మీద ఎవరూ ఎవరితోనూ మాట్లాడిన దాఖలా లేదు. ఆఫీసరు పిలుస్తారని సెక్షన్ వాళ్లూ, సెక్షన్ వాళ్లు వస్తారని ఆఫీసరూ ఎదురుచూస్తూ ఉంటారు. ఈలోపు ఎవరో ఒకరికి బదిలీ అవుతుంది. నా విషయంలో బదిలీకి కూడా వీల్లేదు. నాతో నేను మాట్లాడుకోవడానికి సిగ్గేసి ఫైలు అక్కడే ఆగింది. చక్రాలు పనిమనిషి తుడిచేసింది. తుడిచినట్టు రికార్డులో లేదు.

మోడల్ రైల్వేవాళ్లు ఫాస్ట్ క్లాక్ అని ఒకటి వాడతారు. దూరాల్ని కుదించారు గనక కాలాన్నీ కుదిస్తారు. గడియారం ఆరింతల వేగంతో తిరిగితే నాలుగు గంటల్లో ఒక రోజు గడిచిపోతుంది. నేను పెట్టుకున్నదీ అదే. ఆ గడియారం ప్రకారం మా పే రివిజన్ ఎప్పుడో వచ్చేసి, బకాయిలు పీఎఫ్‌లో పడి, నేను రిటైరై కూడా చాలాకాలమైంది. ఆదివారాలు అది చూసుకుంటూ ఉంటే ఎంత హాయో చెప్పలేను. సోమవారం ఆఫీసు గడియారం చూడగానే ఆ హాయికి వడ్డీతో సహా కోత పడుతుంది.

మా ఆవిడ నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికొచ్చి, టీ గ్లాసుతో లేఅవుట్ ముందు నిలబడే సమయం ఉంటుంది చూశారూ, అది నాకు జనరల్ మేనేజర్ వార్షిక తనిఖీ. ఆవిడ బండిని చూడదు. బండి అందరూ చూస్తారు. ఆవిడ కళ్లు పాయింట్ల దగ్గరికి పోతాయి.

"ఫౌలింగ్ మార్కు ఏదండీ?"

"ఏ మార్కు?"

"లూపూ మెయినూ కలిసే చోట. బండి తోక అది దాటి బయటికి ఉంటే, పక్క లైన్లో వచ్చేది గీరుకుంటూ పోతుంది."

అగ్గిపుల్ల విరిచి తెల్లరంగు పూసి అక్కడ పాతాను. ఆవిడ టీ తాగింది. బాగుందనలేదు.

"డిస్టెంట్ సిగ్నల్ ఏది?"

"అదిగో, హోమ్ సిగ్నల్ పక్కనే."

"హోమ్ పక్కన పెట్టేదాన్ని డిస్టెంట్ అని ఎందుకంటారండీ? కిలోమీటరు ఉండాలి."

87తో భాగించాను. పదకొండున్నర మీటర్లు. టేపు పట్టుకుని కొలిచాను. హాలు దాటింది, గుమ్మం దాటింది, కారిడార్లో చెప్పుల స్టాండు దాటింది, ఎదురు ఫ్లాటు గుమ్మం దాటి వాళ్ల పూజగదిలోకి పోయింది. టేపు చివర పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ఎదురింటి పిన్నిగారు ప్రసాదం పెట్టారు. నాకైతే ఇబ్బందేమీ కనిపించలేదు. డిస్టెంట్ ముందుగా హెచ్చరించేదే గానీ ఆపేది కాదు, దానికి ఎర్రదీపం ఎలాగూ ఉండదు. పూజగదిలో పసుపు, ఆకుపచ్చ దీపాలు రెండు ఎక్కువైతే దేవుడికేం అభ్యంతరం? మా ఆవిడ మాత్రం "అక్కడితో ఆగండి" అంది. ఎందుకు ఆగమందో అర్థమైంది. పక్క స్టేషన్ ఎనిమిది కిలోమీటర్లు అనుకున్నా 92 మీటర్లు కావాలి. అంటే రెండో స్టేషన్ వీధి చివర కిరాణా కొట్లో కట్టాలి. ఆ కొట్టుకు మేం బాకీ ఉన్నాం.

తర్వాతి తనిఖీలో ఇంకోటి పట్టుకుంది. బండి రావడానికి లైన్ క్లియర్ ఇవ్వాలంటే హోమ్ సిగ్నల్ దాటాక కూడా 180 మీటర్లు ఖాళీగా ఉండాలట. నా లెక్కలో రెండు మీటర్ల పైచిలుకు. నా స్టేషన్ మొత్తం పొడవే అంత. "స్టేషనంతా ఖాళీ చేస్తేగానీ మీకు బండి రాదు" అంది. నిజానికి నా స్టేషన్ ఎప్పుడూ ఖాళీయే, బండి రావడం లేదు కూడానూ. ఆ మాట పైకనలేదు.

వెళ్తూ వెళ్తూ పట్టాల మీదికి వంగి చూసి, "ఇది మెట్రో గేజండీ" అంది. ఆ దెబ్బకు రెండు రోజులు అన్నం సయించలేదు. మాట నిజమే. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైన రావాలి. కానీ హెచ్‌ఓ పట్టాలు లోకమంతా 16.5 మిల్లీమీటర్లే. ఎందుకంటే వాళ్లు కుదించింది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజిని. మన హైదరాబాద్ మెట్రోదీ అదే. దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడా ఎవరికి కనిపిస్తుంది అనుకున్నాను. రోజూ పట్టాల పక్కన జెండా పట్టుకునే మనిషిని పెళ్లాడిన సంగతి ఆ క్షణంలో గుర్తులేదు.

రాజమండ్రి వంతెన కట్టాలన్న కోరిక కూడా ఈ భాగాహారాల్లోనే కొట్టుకుపోయింది. 1974లో తెరిచిన రోడ్డు-రైలు వంతెన రెండు ముప్పావు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 87వ వంతంటే వంద అడుగులు. ఇంట్లో అంత పొడవున్నది మా ఆవిడ మౌనం ఒక్కటే.

కట్టిన కొండల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాటికి వంటింటితో సరిహద్దు తగాదా ఉంది. కొండలకు థర్మోకోలు, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నేలకు వాడేసిన టీపొడి కడిగి, ఎండబెట్టి, జల్లించి చల్లుతారు. చూడ్డానికి అచ్చం అరకు మట్టే. పట్టాల మధ్య కంకరకు ఇసుక సన్నగా జల్లించి పరిచి, ఫెవికాల్‌ను నీళ్లలో కలిపి, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి డ్రాపరుతో పోయాలి. ఆ చుక్క లేకపోతే జిగురునీళ్లు కంకరలోకి ఇంకవు, పూసలు కట్టి పైనే దొర్లుతాయి. ఇది చదివి నేర్చుకున్నదే. ఇసుక దొరకని ఒకానొక ఆదివారం బొంబాయి రవ్వకు బూడిదరంగు కలిపి పరిచాను. ఫెవికాల్ మర్నాడు పోద్దామనుకున్నాను. తెల్లారేసరికి చీమలు స్లీపర్ల మధ్య కంకర మొత్తం ఎత్తుకుపోయాయి. పట్టాల మరమ్మతుకు అంత చురుకైన పర్మనెంట్ వే గ్యాంగును నేను మళ్లీ చూడలేదు. జల్లెడ, డ్రాపరు, రవ్వ డబ్బా మూడూ వంటింటి ఆస్తి. వాటిని వాడినందుకు డెబిట్ నోటు కూడా వేశాను, బుక్ అడ్జస్ట్‌మెంట్ కింద. "ఆ కాగితంతో ఉప్మా వస్తుందా?" అంది.

టీపొడి తగువు ఇంకా తేలలేదు. అది ఆవిడకు డాబా మీది గులాబీలకు కావాలి. ఆవిడకు మొక్కల పిచ్చి. "మీలాగా నేను డ్యూటీని ఇంటికి తెచ్చుకోను. మొక్కల మధ్య రైల్వే గుర్తుకే రాదు" అని చాలాకాలంగా నామీద ఒక మెట్టు పైన నిలబడి మాట్లాడుతోంది. ఒకరోజు టీపొడి దొంగతనానికి డాబా ఎక్కి, ట్యాంకు వెనక నక్కి విన్నాను. పనిమనిషికి చెబుతోంది: "కరివేపాకుకు కాషన్ ఆర్డర్ ఉంది, మూడు రోజులు కొయ్యకు. తులసికి నీళ్లు మెయిన్ లైన్, ఆపకూడదు. బంతిమొక్కలు లూపులో ఉండనీ, గులాబీలు పోయాక చూద్దాం." పనిమనిషి ఒక్కటి కూడా తిరిగి అడగలేదు. "సరేనమ్మా, గులాబీలకు లైన్ క్లియర్" అంది. కుండీలు ఎంత తిన్నగా ఉన్నాయంటే, ప్లాట్‌ఫారం అంచున గీసే పసుపు గీత ఒక్కటే తక్కువ.

ఈ సాక్ష్యం వాడుకునే ముందు నేను వాల్ట్ డిస్నీని చదువుకుని వెళ్లాను. ఆయన లాస్ ఏంజిలస్‌లో తన ఇంటి పెరట్లో, అసలులో ఎనిమిదో వంతు సైజులో, మనుషులు ఎక్కి కూర్చునే రైలు వేసుకున్నాడు. 1950లో అది నడిచింది. ఆవిరి ఇంజనుకు భార్య లిలియన్ పేరు కలిసొచ్చేలా లిల్లీ బెల్ అని పేరు పెట్టాడు. పట్టాలు ఆవిడ పూలమొక్కల మీదుగా పోతాయని గొడవైతే, మొక్కల కిందుగా సొరంగం తవ్వించాడు. పైగా ఇంటి స్థలంలో రైలు దారికి హక్కు ఇస్తున్నట్టు లాయరుతో కాగితం రాయించి, భార్య చేతా కూతుళ్ల చేతా సంతకాలు పెట్టించాడు. 1955లో డిస్నీలాండ్ తెరిస్తే దాని చుట్టూ కూడా రైలే. ఉద్యోగాన్ని రైలుబండిలోకి తెచ్చినవాళ్లను చూశాం, రైలుబండినే ఉద్యోగంలోకి తోసిన మహానుభావుడు ఆయన.

"మనమూ ఒక ఒప్పందం రాసుకుందాం" అన్నాను, కరివేపాకు కాషన్ ఆర్డర్ సంగతి చల్లగా బయటపెట్టి. ఆవిడ కొంచెంసేపు నావైపు చూసి, "సరే, నేను రాస్తా" అంది. అదీ ఇబ్బంది. రాయడం నా పని.

ఆవిడ రాసింది ఒక్క పేజీ. షీటు దించితే వంటింటికీ హాలుకూ మధ్య దారి మూసుకుపోతుంది గనక, ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా ట్రాఫిక్ బ్లాక్ ఇస్తున్నట్టు. పట్టాలు రిపేరు చేసుకోవడానికి ఇంజినీరింగ్ వాళ్లకు రైల్వేలో ఇచ్చేది అదే. ఇచ్చిన టైములోగా లైను ఖాళీ చేసి అప్పగించాలి. అప్పగించకపోతే దాన్ని బ్లాక్ బరస్ట్ అయ్యిందంటారు. బరస్ట్ చేసినవాడికి కంట్రోలర్ నుంచి మొదలుపెట్టి అందరూ వడ్డిస్తారు. నేను రెండు పేజీల సవరణలు ప్రతిపాదించాను. "బ్లాక్ కావాలా వద్దా?" అంది. సంతకం పెట్టాను.

తొలి ఆదివారమే శాంటా ఫే సొరంగంలోకి వెళ్లి, హెన్రీకి దూరపు చుట్టంలా, బయటికి రానంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతుంటే ఒంటిగంట అయ్యింది, ఒకటిన్నర అయ్యింది. షీటుకు అటు పప్పుచారు, ఇటు డల్లాస్ నుంచి వచ్చిన మా బావమరిది, వాడి పిల్లలు. పిల్లలు షీటు కింద నుంచి పాక్కుంటూ వెళ్లి అప్పడాలు తెచ్చుకున్నారు. "బావా, ఆకలేస్తోంది, ఇంజను రేపు తీద్దువుగానీ" అన్నాడు వాడు. రేపంటే బ్లాక్ లేదు.

ఆ సాయంత్రం మెమో వచ్చింది. "బ్లాక్ బరస్ట్ అయినందుకు సంజాయిషీ ఇవ్వవలెను." సంజాయిషీ అంటే నాకు ప్రాణం లేచొచ్చింది. సర్వీసంతా రాసింది అవే కదా. విషయం, సూచిక, పూర్వాపరాలు, సొరంగం లోపలి వ్యాసం, అనుబంధం-1 కింద ఇంజను బొమ్మ, అనుబంధం-2 కింద మోచెయ్యి గీరుకుపోయిన వివరాలు. తలెత్తకుండా రాసి, ట్యాగు కట్టి, ఫ్రిజ్ మీద పెట్టాను.

రాత్రి ఫైలు తిరిగొచ్చింది. మార్జిన్లో, మేనకోడలి ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో, గెజిటెడ్ ఆఫీసరు ఠీవితో, రెండే మాటలు: "ప్లీజ్ స్పీక్."

అమ్మయ్య, ఇక ఈ విషయం మీద ఎవరూ మాట్లాడరు అనుకుని, ధీమాగా కంచం ముందు కూర్చున్నాను. రైల్వేవాళ్లు మాట్లాడతారని చారన్నంలోకి వచ్చేసరికి తెలిసింది.